రెక్కకు ఫిల్మ్ వేయడానికి ఏది కొనాలి: చిన్న ఐరనా, హీట్ గన్నా, ఇంట్లో ఇస్త్రీ పెట్టె చాలా?

నాగావళి_గ్లైడర్ (శ్రీకాకుళం)
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాలుగు నెలలుగా ఒక బాల్సా ట్రైనర్ కడుతున్నాను, అంటే తేలిక బాల్సా చెక్కతో చేసే, ఎగరేయడం నేర్చుకునే మోడల్ విమానం. రెక్క నిడివి 1.4 మీటర్లు. రెక్క ముందు భాగం పల్చటి చెక్క షీటు, వెనకంతా ఖాళీ రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ చెక్కలు). ఉప్పుకాగితంతో రుద్దడం కూడా అయిపోయింది. ఇక మిగిలింది ఫిల్మ్, అంటే వేడికి అంటుకుని బిగుసుకునే ప్లాస్టిక్ పొర, వేయడమే.

నా దగ్గర రెండు రోల్స్ ఉన్నాయి. ఒకటి ఒరాకవర్, పసుపు రంగు, మా పిన్ని కొడుకు తెచ్చిచ్చాడు. రెండోది పేరూ ఊరూ లేని చవక రకం, ఎరుపు. నిన్న ఎరుపు ముక్క ఒకటి కోసి అమ్మ ఇస్త్రీ పెట్టెతో ప్రయత్నించాను. అంటుకుందో లేదో చూసేలోపే రూపాయి బిళ్లంత కన్నం పడింది. అక్కడితో పోతే బాగుండేది. ఎర్ర రంగు ఇస్త్రీ పెట్టె అడుగున పట్టేసింది, నేను చూసుకోలేదు. పొద్దున్నే నాన్న తెల్ల చొక్కా జేబు మీద అచ్చు దిగింది. ప్రస్తుతానికి ఇంట్లో ఇస్త్రీ పెట్టె ముట్టుకోకూడదని ఆర్డర్.

నా దగ్గర నాలుగు వేలున్నాయి. ఫిల్మ్ వేయడానికే చేసిన చిన్న కవరింగ్ ఐరన్ కొనాలా, వేడిగాలి ఊదే హీట్ గన్ కొనాలా? రెండూ కొంటే మోటారుకు డబ్బులు మిగలవు. ఇంకో సంగతి, మా వీధిలో సాయంత్రం ఆరు దాటితే ఓల్టేజి పడిపోతుంది. దానివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా?

గంటస్తంభం (విజయనగరం)
శనివారం, రాత్రి 10:05

హీట్ గన్ కొనుక్కో తమ్ముడూ. హార్డ్‌వేర్ షాపులో దొరికేదే, పన్నెండు వందల్లో వస్తుంది. అంచులు అంటించడానికి ఏదో ఒక పాత ఇస్త్రీ పెట్టె చాలు. నేను ఆరు విమానాలకు అలాగే వేశాను. ఆ చిన్న ఐరన్‌కి వేలకు వేలు పెట్టడం దండగ.

బాల్సా_బావ (బొబ్బిలి)
శనివారం, రాత్రి 10:11

ఆ ఆరు విమానాల్లో నాలుగు నేను చూశాను. ఎగరేసేటప్పుడు బాగానే ఉంటాయి, దూరం నుంచి.

గంటస్తంభం (విజయనగరం)
శనివారం, రాత్రి 10:14

వచ్చాడండీ బావ.

పాత_ఫిట్టర్ (విజయనగరం)
ఆదివారం, ఉదయం 5:50

బాబూ, ముందు కన్నం ఎందుకు పడిందో తెలిస్తే ఏది కొనాలో నీకే తెలుస్తుంది.

ఈ ఫిల్ముకు రెండు పనులుంటాయి. ఒకటి, అడుగునున్న జిగురు కరిగి చెక్కకు పట్టాలి. రెండు, పైనున్న పొర ముడుచుకుని డప్పు చర్మంలా బిగుసుకోవాలి. ఈ రెండు పనులకూ వేడి ఒక్కటి కాదు. ఒరాకవర్‌కి జిగురు సుమారు 100 డిగ్రీల దగ్గర పట్టడం మొదలవుతుంది, బిగించడానికి 150 దాకా వెళ్తాం. మోనోకోట్ అనే ఇంకో రకం ఫిల్మ్ అయితే అంటించడానికే 135 కావాలి, బిగించడానికి 175 దగ్గరికి పోవాలి. నీ ఎర్ర రోల్ సంగతి ముక్కల మీద పరీక్షించి తెలుసుకోవాల్సిందే. చవక రకాల్లో చాలావాటికి ఈ రెండు వేడిమిల మధ్య ఎడం బాగా తక్కువ. అంటుకున్న మరుక్షణం ముడుచుకుపోతాయి, ఇంకో పది డిగ్రీలు పెరిగితే కన్నం.

ఇప్పుడు ఇస్త్రీ పెట్టె సంగతి చూడు. దాని మీద ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు ఉంటాయి కదా. బట్టల లేబుళ్ల లెక్కలో ఒక చుక్కంటే సుమారు 110 డిగ్రీలు, రెండంటే 150, మూడంటే 200. కాగితం మీద చూస్తే మనకు సరిపోయేలాగే ఉంది. కానీ లోపల ఉండేది రెండు లోహాల పట్టీ. వేడెక్కితే వంగి కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. ఆపిన తర్వాత కూడా అడుగు రేకు ఇంకొంచెం వేడెక్కుతూనే ఉంటుంది. బట్టకు అది లెక్కలోకి రాదు. ఫిల్ముకు మాత్రం ఆ పైకీ కిందకీ ఊగడంలోనే కన్నం పడేది.

చిన్న కవరింగ్ ఐరన్‌కి అడుగు రేకు సన్నం, వాట్లు తక్కువ, కాబట్టి ఆ ఊగుడూ తక్కువే. పైగా అడుగు కొంచెం దోనె అడుగులా ఒంపు తిరిగి ఉంటుంది, అంచులు గుండ్రం. రెక్క చివర, తోక మొదలు, ఇంజన్ ముందు గోడ ఇలాంటి చోట్ల ఇస్త్రీ పెట్టె మూల దిగి గాటు పడుతుంది. దీనితో అది ఉండదు.

నా మాట వింటే ముందు చిన్న ఐరన్ కొను. గన్ తర్వాత చూద్దువు గాని. ఆవిరి కన్నాలున్న ఇస్త్రీ పెట్టెతో మాత్రం చేయకు, ఆ కన్నాల అచ్చులన్నీ షీటు మీద వరసగా కనిపిస్తాయి.

గంటస్తంభం (విజయనగరం)
ఆదివారం, ఉదయం 8:20

ఫిట్టర్ గారంటే గౌరవమే. కానీ ఖాళీ రిబ్బుల మీద ఐరన్ తిప్పుతూ కూర్చుంటే ఒక రెక్కకు ఒక పూట పడుతుంది. గన్‌తో పది నిమిషాలు. ఐరన్ నొక్కినప్పుడు గళ్ల మధ్య ఫిల్మ్ లోపలికి దిగుతుంది కూడా. గాలికి ఆ బాధ లేదు.

బాల్సా_బావ (బొబ్బిలి)
ఆదివారం, ఉదయం 9:02

అక్కడిదాకా ఒప్పుకుంటాను. రిబ్బుల మధ్య బిగించడానికి గన్ బాగుంటుంది. గొడవంతా అంచుల దగ్గరే. గన్ గాలికి ఇక్కడ బిగించు, అక్కడ వదిలెయ్ అని తెలీదు. నువ్వు అంటించిన అంచు మీద కూడా పడుతుంది, అక్కడి జిగురు మళ్లీ మెత్తబడుతుంది, ముడుచుకునే ఫిల్మ్ దాన్ని లాక్కుపోతుంది. నీ నీలం విమానం ఎడమ రెక్క చివర అలాగే లేచింది కదా. గాల్లోకి లేచిన మూడో నిమిషంలో పటపటమని చప్పుడు. నేనే విన్నాను.

గన్ వాడేవాళ్లు చేయాల్సింది ఇది. నూలు గుడ్డ తడిపి పిండి, అంటించిన అతుకు మీద పరిచి, అప్పుడు పక్క గడికి గాలి పట్టాలి. మూతి ఒక జానెడు దూరంలో ఉండాలి, చెయ్యి ఆగకూడదు. హార్డ్‌వేర్ షాపు గన్ పెయింటు ఊడగొట్టడానికి చేసింది, ఫిల్ముకు కాదు. చిన్న సెట్టింగులోనే మూతి దగ్గర మూడు వందల డిగ్రీల దాకా వస్తుంది.

ఇంకొకటి, ఇది నేను రెండు రెక్కలు పాడు చేసుకున్నాక తెలుసుకున్నది. పైనా కిందా ఫిల్మ్ వేశాక రిబ్బుల మధ్య ప్రతి గదీ మూసుకుపోతుంది. లోపలి గాలి వేడికి ఉబ్బి ఫిల్మ్ పూరీలా పొంగుతుంది. బిగుసుకుంది కదా అని మురిసిపోతాం. చల్లారాక చూస్తే గుంట. ఫిల్మ్ వేయకముందే ప్రతి రిబ్బుకూ గుండుసూది కంటే కాస్త పెద్ద కన్నం పొడుచుకుంటూ పోవాలి. చివర రిబ్బు నుంచి మధ్యలోకి, అక్కడి నుంచి బయటికి గాలికి దారి ఉండాలి.

నాగావళి_గ్లైడర్ (శ్రీకాకుళం)
ఆదివారం, ఉదయం 9:30

బావా, నేను కన్నాలు పెట్టలేదు. ఇప్పుడు పెట్టొచ్చా?

బాల్సా_బావ (బొబ్బిలి)
ఆదివారం, ఉదయం 9:33

ఫిల్మ్ వేయలేదుగా. సైకిలు చువ్వ మొన అరగదీసి, చేత్తో తిప్పుతూ పొడువు. డ్రిల్లు పెట్టకు, రిబ్బు చీలుతుంది.

రాజాం_ఓల్టేజి (రాజాం)
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఓల్టేజి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఫైనలియర్ ఈఈఈ, మా కాలేజీ టీములో ఫిల్మ్ పని నాదే.

వేడి చేసే తీగకు పవర్ ఓల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే నూటికి 61 వంతులే పవర్. అంటే 2000 వాట్ల గన్ 1200 వాట్ల గన్ అయిపోయినట్టు. దాని ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కాబట్టి మూతి దగ్గర వేడి ఎంతుంటుందో ఊహించలేం. పగలు నేర్చుకున్న దూరం, పగలు అలవాటైన చేతి వేగం రాత్రికి పనికిరావు. ఐరన్‌కి ఆ బాధ లేదు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉంది కాబట్టి వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది తప్ప, చేరాల్సిన చోటికే చేరుతుంది. సాయంత్రాలే ఖాళీ ఉండే వాళ్లకు ఇది పెద్ద తేడా.

దీనికి తిరగేసిన ప్రమాదం ఒకటి మా దగ్గర జరిగింది. మా సీనియర్ ఒకరు అమెరికా నుంచి మంచి కవరింగ్ ఐరన్ పంపారు. అక్కడి ఇళ్లలో ఓల్టేజి 120. ప్లగ్గు పట్టకపోతే మావాడొకడు మార్పిడి పిన్ను పెట్టి గుచ్చాడు. పిన్ను కాళ్ల ఆకారాన్ని మారుస్తుంది గానీ ఓల్టేజిని కాదు కదా. 120 వస్తువుకి 230 ఇస్తే పవర్ మూడున్నర రెట్లు దాటుతుంది. నిమిషం కూడా కాలేదు, పిడి దగ్గర ప్లాస్టిక్ వంకాయ కాల్చిన వాసన వేసింది. అలా వచ్చిన ఐరన్ ఎవరి దగ్గరైనా ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. కవరింగ్ ఐరన్ వంద, రెండు వందల వాట్ల లోపే తీసుకుంటుంది కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. గన్‌కి మాత్రం ఆ ఆలోచన వద్దు.

పలాస_జీడిపప్పు (పలాస)
ఆదివారం, మధ్యాహ్నం 2:40

రాజాం అమ్మాయి చెప్పిన వాట్ల మాటకు నాదొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా మీదే దాటింది, గుర్తుందిగా. కరెంటు స్తంభాలన్నీ పడుకున్నాయి. కరెంటు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో చెప్పుకుంటే ఇప్పుడు కూడా ఏడుపొస్తుంది. తోటలు పోయిన ఊళ్లో విమానం బొమ్మ గురించి మాట్లాడుకునే పరిస్థితి లేదు. కానీ ఆ తర్వాతే ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాను. అప్పటి నుంచి చిన్న ఐరన్ దాని మీదే వాడుతున్నాను, నిక్షేపంలా పనిచేస్తుంది. ఒకసారి గన్ పెట్టి చూశాను. కుయ్‌మని అరిచి ఆగిపోయింది. ఇల్లంతా చీకటి. మా ఆవిడ వంటింట్లోంచి ఏమందో ఇక్కడ రాయను.

అన్నట్టు, ఎవరైనా థర్మాకోల్ రెక్క మీద ఫిల్మ్ వేస్తుంటే ఈ 150 లెక్కలు మర్చిపోండి. థర్మాకోల్ వంద డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. దానికి తక్కువ వేడికి అంటుకునే ఫిల్మ్ రకాలు వేరే ఉన్నాయి, లేదా ప్యాకింగ్ టేపుతో సరిపెట్టుకోండి. గన్ ఆ గదిలోనే వద్దు. గ్లూ గన్‌తో అతుకులు పెట్టిన వాళ్లకూ అదే మాట. పైన గాలి పట్టగానే లోపల అతుకు జారిపోతుంది.

నాగావళి_గ్లైడర్ (శ్రీకాకుళం)
ఆదివారం, రాత్రి 8:10

అందరికీ థ్యాంక్స్. మనసు ఐరన్ వైపే మొగ్గుతోంది. కానీ ఐరన్ నిజంగా ఎంత వేడిగా ఉందో తెలుసుకోవడం ఎలా? డయల్‌ని నమ్మొచ్చా? కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు ఇంట్లో ఉంది. ఇస్త్రీ పెట్టెకు చూపిస్తే, అమ్మ చూడకుండా, 'హై' అని రాసింది అంతే.

రాజాం_ఓల్టేజి (రాజాం)
ఆదివారం, రాత్రి 8:35

తమ్ముడూ, అది మనిషి జ్వరం చూడటానికి చేసింది. నలభై రెండు, నలభై మూడు దాటితే చేతులెత్తేస్తుంది.

ఫ్యాక్టరీల్లో దూరం నుంచే వేడి కొలవడానికి వాడే ఐఆర్ గన్ అయినా మెరిసే అల్యూమినియం మీద అబద్ధం చెబుతుంది. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా బయటికి చాలా తక్కువగా వదులుతుంది, గదిలోని మిగతా వస్తువుల వేడిని అద్దంలా చూపిస్తుంది. రేకు 150 ఉన్నా మీటర్ 60 అంటుంది. అది నమ్మి డయల్ తిప్పితే కన్నమే. రేకు మీద చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద చూస్తే దాదాపు సరైన అంకె వస్తుంది.

ఇంతకంటే మంచిది, కొన్ని మల్టీమీటర్లతో పాటు వచ్చే టెంపరేచర్ వైరు. చివర చిన్న పూస ఉంటుంది. దాన్ని చెక్క ముక్క మీద పెట్టి పైన ఐరన్ ఆనించి మూడు నిమిషాలు ఉంచు. డయల్ మీద లైటు ఆరినప్పుడు ఎంత, మళ్లీ వెలిగినప్పుడు ఎంత, రెండూ రాసుకో. ఒక్క అంకె రాసుకుంటే లాభం లేదు.

గంటస్తంభం (విజయనగరం)
ఆదివారం, రాత్రి 9:15

మీటర్ లేని వాళ్లకు నా చిట్కా. మొబైల్ రిపేరు షాపులో సోల్డరింగ్ తీగ జానెడు ఇమ్మను. 63/37 రకం (తగరం 63, సీసం 37 పాళ్లు) అయితే సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఐరన్ రేకు పక్కన తాకించు. కరిగిందా, మన ఫిల్ములకు ఎక్కువే, డయల్ తగ్గించు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. అదే షాపులో చిప్పులు ఊడదీసే హాట్ ఎయిర్ స్టేషన్ ఉంటుంది. సన్నటి మూతి, వేడి అంకెల్లో పెట్టుకోవచ్చు, గాలి వేగం కూడా. నేను మా వీధి షాపులో కూర్చుని తోక మూలలన్నీ దానితోనే బిగించుకున్నాను. గాలి ఒక అంగుళం మేరే పడుతుంది కాబట్టి పక్క అతుకు లేవదు. ఆ అబ్బాయి టీకి మాత్రమే డబ్బులు తీసుకున్నాడు.

బాల్సా_బావ (బొబ్బిలి)
ఆదివారం, రాత్రి 9:20

ఇది నాకు తెలీదు. బాగుంది.

గంటస్తంభం (విజయనగరం)
ఆదివారం, రాత్రి 9:21

ఈ పోస్టుకి ఫోటో తీసి దాచుకుంటున్నాను. బావ 'తెలీదు' అన్నాడు.

పొందూరు_పంచె (పొందూరు)
సోమవారం, ఉదయం 6:30

మీ మీటర్లూ తీగలూ బాగానే ఉన్నాయి. మా వీధి మొదట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఇస్త్రీ చేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన దగ్గర డయలూ లేదు, చుక్కలూ లేవు. గిన్నెలో వేళ్లు ముంచి పెట్టె అడుగున చిలకరిస్తాడు. ఆ చప్పుడు విని చెబుతాడు, ఇది చీరకి, ఇది ప్యాంటుకి అని.

మొన్న నేను నా ఐరన్ పట్టుకెళ్లి ఆయన దగ్గర కూర్చున్నాను. డయల్ తక్కువలో ఉన్నప్పుడు చుక్క పడ్డచోటే పరుచుకుని బుడబుడమని మరిగి ఆరిపోయింది. కొంచెం పెంచితే సుయ్‌మంది, రెప్పపాటులో లేదు. ఇంకా పెంచితే వింత. చుక్క ఆరలేదు. పాదరసం పూసలా గుండ్రంగా అయి, రేకు మీద అటూ ఇటూ దొర్లుతూ అంచు దాకా వెళ్లి కింద పడింది. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు బతికింది! "పూస దొర్లితే పట్టు గుడ్డ పెట్టకూడదు బాబూ, మాడుతుంది" అన్నాడాయన.

తర్వాత చదివితే తెలిసింది. రేకు బాగా వేడెక్కితే చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని మోస్తుందట. నీటికి అది సుమారు 200 డిగ్రీల దగ్గర జరుగుతుంది. కాబట్టి పూస దొర్లే ఐరన్ ఫిల్ముకు పనికిరాదు. సుయ్‌మని వెంటనే ఆరిపోయే దశలోనే మన పని. అంకె తెలియకపోయినా ప్రమాదం ఎటువైపుందో తెలుస్తుంది. కరెంటు వస్తువు కాబట్టి ఒక్క చుక్కే, అదీ ప్లగ్గు తీసేశాక.

ఐరన్ కొంటే దానికి తొడుగు కావాలి. ఒట్టి రేకుతో రుద్దితే మెరిసే ఫిల్ము మీద గీతలు పడతాయి. కంపెనీ తొడుగులు దొరక్కపోతే పాత నూలు గుడ్డ చాలు. పొందూరులో పుట్టినందుకు నాకు గుడ్డకు లోటేంటి, మా తాతగారి చిరిగిన ఖద్దరు పంచె ముక్క కుట్టించుకున్నాను. ఎన్నో ఉతుకులు పడ్డ సన్న నూలు, నూగు రాలదు. ఒకటే జాగ్రత్త. టెర్లిన్ కలిసిన గుడ్డ వద్దు, ఒట్టి నూలే కావాలి. తొడుగు వేశాక వేడి కాస్త తగ్గుతుంది, కాబట్టి కొలిచేటప్పుడు తొడుగుతోనే కొలవండి.

నిర్వాహకుడు
సోమవారం, ఉదయం 10:00

పంచె గారి పోస్టును పైన పిన్ చేస్తున్నాను. గంటస్తంభం, బావ ఇద్దరూ పాత నీలం విమానం గొడవ ఇక్కడ మళ్లీ మొదలుపెట్టనందుకు ధన్యవాదాలు.

నాగావళి_గ్లైడర్ (శ్రీకాకుళం)
తర్వాతి ఆదివారం, రాత్రి 7:45

అప్‌డేట్. చిన్న ఐరన్ కొన్నాను, 230 ఓల్టుల రకమే. మల్టీమీటర్ వైరు మా ఫిజిక్స్ ల్యాబ్ అన్నయ్యని బతిమాలి రెండు రోజులకు తెచ్చుకున్నాను.

తొడుగుతో కొలిస్తే, డయల్ 120 అన్నచోట మీటర్ 98 నుంచి 107 మధ్య తిరుగుతోంది. 150 అన్నచోట 131 నుంచి 141. అంటే డయల్ చెప్పేదానికంటే ఎప్పుడూ తక్కువే. పనిలో పనిగా అమ్మ పర్మిషన్‌తో ఇస్త్రీ పెట్టె కూడా కొలిచాను. రెండు చుక్కల దగ్గర 124 నుంచి 172 దాకా ఊగింది! ఫిట్టర్ గారు చెప్పిన ఊగుడు కళ్లతో చూశాను. నా కన్నం ఆ 172 దగ్గర పడినట్టుంది.

ఒక అడుగు బాల్సా పట్టీ మీద రెండు రోల్స్ ముక్కలూ వరసగా అంటించి, ఒక్కోదాని కింద డయల్ అంకె పెన్సిలుతో రాసుకున్నాను. తర్వాత గోటితో లాగి చూశాను. పసుపు ముక్క డయల్ 120లో గట్టిగా పట్టింది, 170 దాకా పెంచినా చెక్కుచెదరలేదు. ఎరుపు 120లో పట్టలేదు, 135లో పట్టింది, 150లో అంచులు ముడుచుకుని చెక్క కనబడింది. కాబట్టి రెక్కంతా పసుపే, ఎరుపు తోక మీద చారలకు మాత్రమే.

తోక నిన్న చేశాను. ఖాళీ భాగాలు బ్రహ్మాండం. కానీ షీటున్న చోట ఐరన్ తిప్పుతుంటే చిన్న చిన్న బుడగలు లేచాయి. మళ్లీ నొక్కితే పోయి పక్కన లేస్తున్నాయి. ఏటి చెయ్యాలి?

పాత_ఫిట్టర్ (విజయనగరం)
తర్వాతి ఆదివారం, రాత్రి 8:30

శ్రావణంలో చేస్తున్నావు బాబూ, అదే సంగతి. వారం నుంచి ముసురు. బాల్సా స్పాంజి లాంటిది, గాలిలో చెమ్మంతా తాగేస్తుంది. ఐరన్ పెట్టగానే చెక్కలోని గాలి, చెమ్మ పొంగి బయటికి రావాలి. పైన ఫిల్మ్ మూసేసింది, ఎటు పోతుంది?

ఉన్న బుడగలకు సన్న సూదితో ఒక్కో పోటు పొడిచి, తక్కువ వేడిలో, నిదానంగా, గుడ్డతో అదుముతూ చల్లారనివ్వు. వేడి పెంచి నొక్కితే ఇంకా లేస్తాయి. షీటు మీద ఎప్పుడూ మధ్య నుంచి అంచులకు తోస్తూ రావాలి, చుట్టూ అంచులు ముందే మూసేస్తే గాలి ఇరుక్కుంటుంది. ఖాళీ రిబ్బుల దగ్గర దీనికి తలకిందులు, అక్కడ ముందు చుట్టూ అంచులే.

రెక్క మొదలుపెట్టే ముందు రెండు రోజులు పెద్ద అట్టపెట్టెలో పెట్టి, పక్కన పాత ఫిలమెంటు బల్బు వెలిగించు, చెక్కకు తగలకుండా. కింద వైపు ముందు వెయ్యి, తర్వాత పైది. పై ఫిల్మ్ కింది దాని మీదకు అర సెంటీమీటరు ఎక్కాలి. పూర్తిగా బిగించేటప్పుడు పైన కొంచెం, కింద కొంచెం, మార్చి మార్చి చెయ్యి. ఒక పక్కే బిగిస్తే రెక్క మెలిపడుతుంది.

మెలిపడితే కంగారుపడకు. ఎదురు వైపు కొంచెం ఎక్కువే మెలితిప్పి పట్టుకుని, ఇంకొకరిని రెండు వైపులా వేడి పట్టమను. చల్లారేదాకా వదలకు. ఫిల్మే దాన్ని ఆ ఆకారంలో పట్టి ఉంచుతుంది.

బాల్సా_బావ (బొబ్బిలి)
తర్వాతి ఆదివారం, రాత్రి 9:05

ఎర్ర చారలు పసుపు మీద వేసేటప్పుడు ఫిల్మ్ మీద ఫిల్మ్ అవుతుంది, గాలి పోయే చోటే ఉండదు. డయల్ బాగా తగ్గించి ఒక కొస నుంచి రెండో కొసకు తోసుకుంటూ పో. వెడల్పు చార అయితే కిందున్న పసుపును ముందే కోసి తీసేసి, అతుకు మేర మాత్రం మీదకు ఎక్కించు. ఐరన్‌కి ఎరుపు పట్టుకుంటే చల్లారాకే థిన్నర్ గుడ్డతో తుడువు. వేడిగా ఉండగా థిన్నర్ పెట్టావంటే విమానం కాదు, నువ్వే అంటుకుంటావు.

నాగావళి_గ్లైడర్ (శ్రీకాకుళం)
ఇరవై రోజుల తర్వాత, సాయంత్రం 6:20

రెక్క అయిపోయింది. బల్బు పెట్టె పనిచేసింది, షీటు మీద మొత్తం మూడే బుడగలు. రిబ్బుల మధ్య చివరి బిగింపుకు పక్కింటి కార్పెంటర్ మామయ్య దగ్గర గన్ అరువు తెచ్చాను. తడిగుడ్డ అతుకుల మీద, జానెడు దూరం, పొద్దున్న పది గంటలకు, ఓల్టేజి బాగున్నప్పుడు. ఎనిమిది నిమిషాలు పట్టింది. వేలితో కొడితే తప్పెటలా మోగుతోంది. గంటస్తంభం అన్నా, మీరన్నదీ నిజమే.

కుడి రెక్క చివర కొంచెం మెలి వచ్చింది, వెనకంచు అర సెంటీమీటరు కిందికి. అమ్మ రెక్క పట్టుకుంది, నేను ఐరన్ తిప్పాను. "ఎంతసేపురా, చేతులు లాగుతున్నాయి" అంటూనే చల్లారేదాకా పట్టుకుంది. ఇప్పుడు రెండు చివర్లూ సమానం. ఐరన్ తొడుగు కూడా అమ్మే కుట్టింది, జేబు మీద ఎర్ర మచ్చ పడ్డ ఆ చొక్కాతోనే. నూటికి నూరు కాటన్, నాన్నని అడిగి లేబుల్ చూశాను.

మొదటిసారి ఎగరేయడానికి పక్కన ఎవరైనా పెద్దవాళ్లు ఉంటే ధైర్యం. ఎక్కడికి రమ్మంటారు?

పాత_ఫిట్టర్ (విజయనగరం)
ఇరవై రోజుల తర్వాత, రాత్రి 8:00

వచ్చే ఆదివారం మా బీడుకి వచ్చెయ్యి, దారి విడిగా మెసేజ్ పెడతాను. డిజిటల్ స్కై మ్యాపులో (డ్రోన్ల లాంటివి ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే సర్కారు మ్యాపు) మా చోటు ఆకుపచ్చలోనే ఉంది, బయల్దేరే ముందు నువ్వూ ఒకసారి చూసుకో. ఆరింటికల్లా ఉండాలి, ఎనిమిది దాటితే గాలి లేస్తుంది. రెక్కను కారులో ఎండ తగిలేలా పెట్టకు, గుడ్డ కప్పు. ఐరన్ కూడా తెచ్చుకో, నా కారు ఇన్వర్టర్ దాన్ని లాగుతుంది.

గంటస్తంభం (విజయనగరం)
ఇరవై రోజుల తర్వాత, రాత్రి 8:04

నేను నీలం విమానం తెస్తున్నా. ఎడమ రెక్క అతుకు మీద నీ ఐరన్ ఒకసారి పెట్టాలి తమ్ముడూ. బావకి చెప్పకు.

బాల్సా_బావ (బొబ్బిలి)
ఇరవై రోజుల తర్వాత, రాత్రి 8:06

చదివాను.